కాగితం మూలన పెన్సిలు చుక్క

"ఆ కాగితం మీద నేను చస్తానని రాసుంటే మీరు నాకు చెబుతారా, చెప్పరా?"

భూకంపం వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం, పట్టణ ఆసుపత్రి ఈసీజీ గదిలో బల్ల మీద పడుకుని హిరాసావా సుమి అడిగిన మాట ఇది. సుమికి నలభై ఆరేళ్ళు. బియ్యపు చెక్కలు చేసే ఫ్యాక్టరీలో ప్యాకింగు పని. ఆమె అడిగింది కజమా తోషియేని. తోషియేకి యాభై ఎనిమిది. మనుషుల ఛాతీ మీద రబ్బరు బుడగలు అంటించి, గుండె గీసే గీతల్ని గులాబీ గళ్ళ కాగితం మీద పట్టి, ఆ కాగితాన్ని డాక్టరు బల్ల మీద పెట్టి రావడం ఆమె ఉద్యోగం. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు. అన్నేళ్ళలో ఆమెను ఇంత సూటిగా అడిగినవాళ్ళు లేరు. నీగతా కొండల్లో మనుషులు గుండె ఆగిపోతున్నా "కాస్త నలతగా ఉందండీ, మీకు శ్రమ ఇస్తున్నాను" అనే రకం.

"డాక్టరుగారు చెబుతారండీ," అంది తోషియే.

అది ఆమె జవాబు కాదు, ఉద్యోగం నేర్పిన జవాబు. రోజుకి ముప్ఫైసార్లు అని అని ఆ మాట ఆమె నోట్లో అరిగిన నాణెంలా తయారైంది.

"చెప్పరన్నమాట," అని సుమి నవ్వబోయి ఆయాసంతో ఆగింది. "మా అత్తగారూ ఇంతే. బీరువా పడి నా పెళ్ళినాటి గిన్నెలు పగిలిపోతే రెండ్రోజులు నోరు విప్పలేదు. నేను బాధపడతానట!"

కాగితం బయటికి వచ్చింది. తోషియే చదివింది. చదవడం ఆమె పని కాదని నియమం. కానీ ముప్ఫై నాలుగేళ్ళు అక్షరాలు దిద్దినవాడికి చదువు రాకుండా ఎలా ఉంటుంది?

గుండె ఒక్కో దెబ్బకీ కాగితం మీద ఒక చిన్న గుట్టనీ, ఒక నిట్టనిలువు శిఖరాన్నీ, దాని వెనక ఒక మెత్తటి దిబ్బనీ గీస్తుంది. ఛాతీ ముందు తీసే గీతల్లో ఆ చివరి దిబ్బ పైకి లేచి ఉండాలి. సుమి కాగితంలో మొదటి మూడింట్లోనూ అది గుంటలా కిందికి దిగింది. చేతికీ కాలికీ మధ్య తీసే మూడో గీతలో కూడా అదే గుంట. గుండె నిమిషానికి నూట పదహారు కొట్టుకుంటోంది, మనిషి కదలకుండా పడుకుని ఉండగా.

ఇలాంటి కాగితం తోషియే అంతకుముందు రెండుసార్లు చూసింది. రెండుసార్లూ కాలి నరాల్లో గడ్డకట్టిన రక్తం పైకి పాకి ఊపిరితిత్తుల దారి మూసేసిన మనుషులవే. నిజం చెప్పాలంటే, ఈసీజీ చూసి ఆ జబ్బు పట్టడం పొగ చూసి పక్కింటివాళ్ళు ఏం కూర వండుతున్నారో చెప్పడం లాంటిది. చాలామందిలో గుండె వేగం తప్ప ఏమీ కనిపించదు. కొందరిలో అదీ కనిపించదు. కనిపించిన గుర్తులు కూడా గుండె నాళాల జబ్బు వేషం వేసుకుని వస్తాయి. అందుకే తోషియేకి నమ్మకం లేదు. అనుమానం మాత్రం ఉంది. కాళ్ళకి క్లిప్పులు పెట్టేటప్పుడు సుమి ఒక పిక్క రెండోదానికన్నా వాచి ఉండటం కూడా చూసింది.

అనుమానం వచ్చినప్పుడు ఆమె చేసే పని ఒకటుంది. కాగితం కుడి చేతి పైమూలన పెన్సిలుతో ఒక చుక్క పెడుతుంది. ఆ రోజు రెండు పెట్టింది, కాస్త గట్టిగా నొక్కి.

ఆ చుక్కల కథ పాతది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముసలాయన ఈసీజీ తీసి, "అయ్యో, ఇది బాగాలేదే" అని పైకే అనేసింది. వింటున్నది రోగి కూతురు. అప్పటి పెద్ద డాక్టరు కుమకురా ఆమెను లోపలికి పిలిచి, "నోటితో చెప్పకమ్మాయ్. చెప్పకుండా ఉండలేకపోతే మూలన ఒక చుక్క పెట్టు, నేను చూసుకుంటా," అన్నాడు. అప్పట్నుంచీ ఆయన ముందు చుక్క ఉందా అని చూసి, తర్వాతే గీత చూసేవాడు. ఇద్దరి మధ్యా ఇరవై ఎనిమిదేళ్ళు ఆ చుక్కే మాట్లాడింది. ఆరేళ్ళ కిందట కుమకురా చనిపోయాడు. తర్వాత విశ్వవిద్యాలయం నుంచి ఏడాదికొక కుర్ర డాక్టరు వస్తున్నాడు, పోతున్నాడు. చుక్క సంగతి వాళ్ళకి ఎవరు చెప్పాలి? తోషియే చెప్పాలి. చెబితే, "నేను మీకు సలహా ఇస్తున్నాను" అన్నట్టు ఉంటుంది. అంచేత చెప్పలేదు. చెప్పలేదు గానీ చుక్కలు పెట్టడం మానలేదు. ఆరేళ్ళుగా ఆమె ఎవరూ విప్పని ఉత్తరాలు రాస్తోంది.

ఇప్పుడున్న డాక్టరు పేరు ఉచియామా. ముప్ఫై మూడేళ్ళు. చెడ్డవాడు కాదు, తెలివితక్కువవాడు అసలే కాదు. భూకంపం వచ్చిన సాయంత్రం నుంచి మొత్తం కలిపి ఆరు గంటలు నిద్రపోయుంటాడు. కారిడార్లో చాపల మీద రోగులు, విరిగిన చేతులు, కాలిన కాళ్ళు, భయంతో నోట మాట రాని ముసలివాళ్ళు. సుమి కాగితం మీద అతను పెట్టిన చూపు నాలుగు సెకన్లు.

"వేగం ఎక్కువుంది. నిద్ర లేదు, భయం, అంతే. ఈ గుంటలు ఆడవాళ్ళలో అప్పుడప్పుడు మామూలే," అని నిద్రమాత్ర రాశాడు. తోషియే గుమ్మంలో నిలబడి ఉంది. అతని బొటనవేలు సరిగ్గా ఆ రెండు చుక్కల మీదే ఉంది.

సుమి అందరికీ వంగి వంగి దణ్ణాలు పెట్టి, ఇంత హడావుడిలో ఇబ్బంది పెట్టినందుకు క్షమాపణ చెప్పి, భూకంపం నాటి నుంచీ అత్తగారితో కలిసి తలదాచుకుంటున్న, బడి మైదానంలోని తన చిన్న కారుకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఏడింటికి కారు తలుపు తీసుకుని దిగి ఎనిమిది అడుగులు వేసి పడిపోయింది.

ఆ ఆసుపత్రిలో మనిషి పోయాక కూడా ఒక ఈసీజీ తీస్తారు. మూడు నిమిషాలు, బంధువుల కళ్ళముందు. తోషియే బండి తోసుకుంటూ వచ్చి, బుడగలు అరచేతుల్లో వెచ్చబెట్టి అంటించింది. బతికినవాళ్ళకి చలి పుట్టకుండా చేసే పని అది, అలవాటు కొద్దీ ఇక్కడా చేసింది. మూడు నిమిషాలకి నాలుగున్నర మీటర్ల కాగితం వస్తుంది. ఆ నాలుగున్నర మీటర్లూ తిన్నటి గీతే. అత్తగారు గోడకి ఆనుకుని ఎవరితోనూ కాకుండా మాట్లాడుతోంది.

"వెనక సీటు నాకిచ్చింది. తను ముందు సీట్లో కాళ్ళు ముడుచుకుని కూచునేది. నీళ్ళు తాగవే అంటే, లేస్తే మీరూ లేవాలి కదత్తయ్యా, ఆ చీకటి దొడ్డి లైన్లో ఒక్కదాన్నీ నిలబడలేను అనేది. మూడ్రోజులూ గుక్కెడు గుక్కెడే తాగింది."

ఉచియామా 'ఆకస్మిక గుండెపోటు' అని రాశాడు. తోషియే కాగితం మడిచింది.

ఆ వారమంతా పత్రికలవాళ్ళు వచ్చి మంచుదేశపు మనుషుల ఓర్పు గురించి రాసుకుని పోయారు. ఇల్లు కూలినా అరవలేదట, అన్నం ముద్దల కోసం తోసుకోలేదట, చల్లని కార్లలో నోరెత్తకుండా రోజులు గడిపారట. రాసినవన్నీ నిజాలే. కాకపోతే ఆ కార్లలో మనుషుల రక్తం గడ్డకట్టించింది కూడా ఆ ఓర్పే. కాళ్ళు చాపితే పక్కవాళ్ళకి తగులుతాయని ముడుచుకున్నారు, నీళ్ళు తాగితే దొడ్డి లైను పెరుగుతుందని దాహం చంపుకున్నారు. ఆసుపత్రికి పాక్కుంటూ వచ్చినా "పరవాలేదండీ" అన్నారు. తోషియే ఏం తక్కువ తినలేదు. ఆమె ఓర్పు పెన్సిలు ముక్క రూపంలో ఉండేది, అంతే తేడా. ఆమె అద్దె గది గోడ కూడా పగిలింది. అయితే ఆమె పడక ఈసీజీ బల్ల మీద కాబట్టి కాళ్ళు చాపుకుని పడుకునే అదృష్టం దక్కింది.

అయిదో రోజు పొద్దున పదింటికి సెకి కియో వచ్చింది.

కియో, తోషియే చిన్నబళ్ళో ఒకే బెంచీ. కియోవాళ్ళది కొండ మీద రంగుచేపల పెంపకం. నోరు పెద్దది. ఆ ఊళ్ళో నిజం పైకి అనే నలుగురైదుగురిలో ఒకతె. అలాంటి మనిషి కోడలి భుజం పట్టుకుని, రెండు మాటలకొకసారి ఊపిరి వెతుక్కుంటూ లోపలికి వచ్చింది.

"ఏమే తోషీ, ఇంకా రిటైరవలేదా? నిన్ను చూస్తే పేషెంటువి నువ్వేననుకుంటారు."

"నోర్మూసుకుని పడుకో. ఎప్పట్నుంచి ఇలా?"

"నిన్నట్నుంచి. మా చేపల్ని... సంచుల్లో ఆక్సిజన్ నింపి కొండ దించాం. ఒక్కోదానికి ఒక సంచి. నన్ను మాత్రం కారులో కూరి కూచోబెట్టారు. ఆ ఆక్సిజనేదో నాకూ కాస్త పెట్టించకూడదూ."

"నీళ్ళు తాగుతున్నావా?"

"రోజుకో కప్పు టీ. దొడ్డి దగ్గర లైను చూశావా? బస్సు స్టాండు నయం."

డాక్టర్లు ఛాతీ చూస్తారు. ఈసీజీ తీసేవాళ్ళు చీలమండలు కూడా చూస్తారు, కాళ్ళకి క్లిప్పులు పెట్టాలి కాబట్టి. తోషియే కియో మేజోళ్ళు కిందికి లాగింది. కుడికాలి మీద మేజోడు అంచు గుర్తు సన్నగా ఉంది. ఎడమకాలి మీద వేలు పట్టేంత గాడి పడింది. పిక్క నిగనిగలాడుతోంది.

"ఈ కాలు నొప్పా?"

"బరువుగా ఉంది. కూచుని కూచుని వాచింది, ఇంకేముంది."

కాగితం వచ్చింది. నిమిషానికి నూట పన్నెండు. ఛాతీ ముందు నాలుగు గీతల్లో దిబ్బ స్థానంలో గుంట. మూడో గీతలో గుంట. పైన యంత్రం తనకి తోచింది తనూ అచ్చువేసింది: గుండె ముందు గోడకి రక్తం చాలడం లేదేమో, పరిశీలించండి.

తోషియే వేళ్ళు అలవాటుగా జేబులోని పెన్సిలు మీదికి పోయాయి. కియో ఆమెనే చూస్తోంది.

"ఏంటే, మొహం అలా పెట్టావ్? చెప్పు, పరవాలేదు."

"డాక్టరుగారు..." అని తోషియే ఆగిపోయింది. అరిగిన నాణెం గొంతులో అడ్డం పడింది. "కదలకుండా పడుకో. లేచావో చంపుతా," అని కాగితం తీసుకుని బయటికి నడిచింది. చుక్క పెట్టలేదు.

ఉచియామా ఈసారి కాగితాన్ని శ్రద్ధగానే చూశాడు. చూడబట్టే ఇంకా గట్టిగా తప్పు దారి పట్టాడు. "గుండె నాళాలే. నాలుక కింద మాత్ర పెట్టండి," అని నర్సుకి చెప్పాడు. "నగరంలో పెద్దాసుపత్రికి పంపి నాళాలకి గొట్టం వేయించాలి. రోడ్డు తెగింది, అంబులెన్సు సాయంత్రానికి గానీ రాదు. అప్పటిదాకా చూద్దాం."

తోషియేకి ఒక్కటి గుర్తుంది. పందొమ్మిదేళ్ళ కిందట ఇలాంటి కాగితం చేతిలో పట్టుకుని కుమకురా అన్నాడు: "ఇది ఊపిరితిత్తులది. దీనికి గుండెనొప్పి మాత్ర వేస్తే ఉన్న రక్తపోటు కాస్తా జారిపోతుంది." నర్సు మందుల గదికి వెళ్ళింది. మందుల గది కారిడారు చివర. సీసాలు నేలపాలయ్యాక అన్నీ అట్టపెట్టెల్లో కలిసిపోయాయి, వెతకడానికి పదినిమిషాలు పడుతుంది.

తోషియే రికార్డుల గదికి పరిగెత్తింది. పరుగు అంటే ఆమె మోకాళ్ళు ఒప్పుకున్నంత. ఆ ఊళ్ళో ప్రతి జూన్‌లోనూ నలభై దాటిన ప్రతివాళ్ళకీ ఈసీజీ తీస్తారు. తీసేది ఆమే. కియో జూన్ కాగితం అక్కడ ఉండాలి. ఉంది, కానీ బీరువాలన్నీ బోర్లాపడి ముప్ఫై ఏళ్ళ గుండెలు నేల మీద గుట్టగా ఉన్నాయి. చేతులూ మోకాళ్ళూ నేలకి ఆనించి వెతికింది. మధ్యలో భూమి మళ్ళీ ఒకసారి వణికింది. పై అరలోంచి ఒక కట్ట జారి ఆమె వీపు మీద పడింది. "ఆగవే కాసేపు," అని భూమిని కసిరింది.

సెకి కియో, జూన్. దిబ్బలన్నీ నిటారుగా, కొండల్లా. సుమి కాగితం మొన్నటి కట్టలో పైనే ఉంది.

మూడు కాగితాలూ తెచ్చి ఉచియామా బల్ల మీద, అతను రాస్తున్న దాని మీదే పరిచింది.

"మన్నించాలి డాక్టరుగారూ. ఇవి చూడండి."

"కజమాగారూ, నేను చూశాను. బయట నలభైమంది ఉన్నారు."

"ఇది కియో జూన్‌లో. బాగుంది. ఇది ఇవాళ. ఇది..." ఆమె వేలు మూడో కాగితం మీద ఆగింది. "ఇది హిరాసావా సుమిగారిది. చనిపోయే ముందు రోజు. ఈ రెండూ పక్కపక్కన పెట్టండి."

ఉచియామా ముఖం ఎర్రబడింది. "గీతలు తీయడం మీ పని. చదవడం నా పని. ఆ తేడా మనిద్దరికీ తెలుసనుకున్నాను."

"తెలుసండీ. ముప్ఫై నాలుగేళ్ళుగా తెలుసు. అందుకే ఆవిడ పోయింది."

ఆ మాట అన్నది తనేనా అని తోషియేకే అనుమానం వచ్చింది. కారిడార్లో నర్సు అడుగుల చప్పుడు వినిపిస్తోంది. ఇక ఆగితే మళ్ళీ నోరు తెరవలేనని తెలుసు కనక ఆపకుండా చెప్పేసింది. "గుండె నాళాలైతే ముందు గీతల్లో గుంట ఉంటుంది గానీ, దాంతోపాటు ఈ మూడో గీతలో కూడా ఉండటం తక్కువ. రెంటిలోనూ కలిసి ఉంటే ఊపిరితిత్తులు చూడమని కుమకురాగారు అనేవారు. కియో ఎడమకాలు వాచింది, ఒక్క ఎడమదే. అయిదు రోజులుగా కారులో కూచునుంది, నీళ్ళు తాగలేదు. సుమిగారూ అంతే. ఆవిడ కాళ్ళు చూసి కూడా నేను మీకు చెప్పలేదు. ఈ చుక్కలు పెట్టాను, అంతే."

"ఏ చుక్కలు?"

ఆమె చూపించింది. ఉచియామా కాగితం దగ్గరికి లాక్కుని చూశాడు.

"ఇవి... ఇవి మీరు పెట్టినవా?" అతని గొంతు మారింది. "యంత్రం రోలరుకి మసి పట్టిందనుకున్నాను. ఆగస్టులో మెకానిక్‌ని పిలిపించి బాగుచేయించాను కూడా!"

నిజమే. ఆ మెకానిక్ వచ్చి, యంత్రం విప్పి, రోలరు తుడిచి, మసి ఏమీ లేదే అని తల గోక్కుని, అయినా కొత్త రోలరు వేసి పోయాడు. రెండు గంటల పని. తోషియే పక్కనే నిలబడి అతనికి టీ ఇచ్చింది. ఒక్క ముక్క చెప్పలేదు. మర్నాడు మళ్ళీ చుక్క పెట్టింది. చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఒక రకం అవివేకం. శంఖాన్ని జేబులోనే పెట్టుకుని, ఊదాను కదా అనుకోవడం ఇంకో రకం.

ఉచియామా సుమి కాగితాన్నీ కియో కాగితాన్నీ పక్కపక్కన పెట్టి, మూడో గీత మీద వేలు పెట్టి చూశాడు. నర్సు చిన్న పళ్ళెంలో మాత్రతో గుమ్మంలోకి వచ్చింది.

"ఆ మాత్ర ఆపండి," అన్నాడు. "కజమాగారూ, స్కానింగు యంత్రానికి కరెంటు ఉందా?"

"జనరేటరుకి తగిలిస్తాను."

గుండె స్కానింగు చేసేది కూడా తోషియేనే. కియో ఛాతీ మీద జెల్ రాసింది.

"చల్లగా ఉందే, చచ్చినదానా!"

"అరుచుకో. అరిచేవాళ్ళు బతికున్నట్టు లెక్క."

తెర మీద గుండె కనిపించింది. కుడివైపు గది ఊదిన బుడగలా ఉబ్బింది. ఎడమ గదికి చోటు చాలక గోడకి నలిగి, చేత్తో వత్తిన అన్నం ముద్దలా చదునైంది. ఇది చదవడానికి ముప్ఫై నాలుగేళ్ళ అనుభవం అక్కర్లేదు. ఉచియామా వెనకనుంచి ఊపిరి బిగబట్టి చూసి, పళ్ళమధ్యనుంచి ఏదో అనుకున్నాడు. రక్తం గడ్డకట్టకుండా చూసే మందు నరంలోకి ఎక్కించమన్నాడు. తనే స్వయంగా సూది పట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి కియో పెదాలకి రంగు తిరిగింది. సాయంత్రం అంబులెన్సు ఎక్కిస్తుంటే కోడలితో, "నా చేపలకి నీళ్ళు మార్చారా? మార్చకపోతే తిరిగొచ్చి మీ అందరి సంగతీ చూస్తా," అంటూనే ఉంది. నగరంలో తీసిన ఫొటోల్లో రెండు ఊపిరితిత్తుల్లోనూ గడ్డలున్నాయట. మూడు వారాలకి ఇల్లు చేరింది. ఇల్లు అంటే ప్రభుత్వం కట్టించిన రేకుల గది.

అంబులెన్సు వెళ్ళిపోయాక ఉచియామా బల్ల దగ్గరికి వచ్చి కూచున్నాడు. తోషియే కాగితాలు ఏరుతోంది.

"హిరాసావాగారి కాగితం ఫైల్లో పెట్టకండి," అన్నాడు. "నా కళ్ళముందు ఉండనివ్వండి."

"సరేనండీ."

"వాళ్ళ అత్తగారి దగ్గరికి రేపు వెళ్తాను. మీరూ రండి."

వెళ్ళారు. ఏం జరిగిందో ఉచియామా చెప్పాడు. తనేం చూడలేదో చెప్పాడు. తనేం చెప్పలేదో తోషియే చెప్పింది. ముసలావిడ వింది. "నన్నడిగితే నేనూ వెనక సీటు వదల్లేదు కదమ్మా," అంది. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు. టీ మాత్రం ఇచ్చింది. అలాంటి చోట ఓదార్పు మాటలు పలకడం కన్నా టీ తాగి లేవడమే మర్యాద. వాళ్ళు తాగి లేచారు.

ఇక మిగిలింది మైదానంలో ఉన్న మూడు వందల కార్లు. కాళ్ళు చాపుకోమనీ నీళ్ళు తాగమనీ మైకులో చెబితే అందరూ తల ఊపారు, ఎవరూ చేయలేదు. పిక్కలు బిగించి పట్టే మేజోళ్ళు వేస్తే రక్తం నిలవ ఉండదని ఉచియామా అన్నాడు. ఆసుపత్రి ఆఫీసులో అడిగితే, "మేజోళ్ళు బట్టల కిందికి వస్తాయి, మేం కొనకూడదు" అన్నారు. పట్టణ కార్యాలయంలో నోరో అనే గుమాస్తాని అడిగితే, "పిక్కలు బిగించేవైతే వైద్యసామగ్రి, మేం కొనకూడదు" అన్నాడు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. తోషియే నగరంలోని మందుల కంపెనీకి ఫోను చేసి, ఆర్డరు కాగితం మీద సంతకం బదులు వాడే తన సొంత ముద్ర కొట్టి, ఖర్చు తన మీద వేసుకుంది. జత రెండు వేల నాలుగు వందల యెన్లు, ఎనభై జతలు. కియో గుండెని తెర మీద చూశాక ఆ మాత్రం ఖర్చుకి ఆమె వెనకాడలేదు. వెనకాడటానికి ఓపిక కూడా లేదు.

మర్నాడు మధ్యాహ్నం పెట్టె చంకన పెట్టుకుని కారు కారుకీ అద్దం తట్టింది.

"తాతా, ఇవి తొడుక్కో."

"ఆడవాళ్ళ మేజోళ్ళు నాకెందుకమ్మాయ్?"

"కాళ్ళకి కుర్రతనం వస్తుంది."

"వస్తే చూసేదెవరు? మా ముసల్ది చూడ్డం మానేసి ముప్ఫై ఏళ్ళయింది."

వెనక సీటులోంచి ముసలమ్మ గొంతు: "చూడ్డానికి అక్కడేముంది కనక! నాకివ్వమ్మా తల్లీ, నేను తొడుక్కుంటా."

ఇంకో కారులో ఒకావిడ వద్దండీ, నాకన్నా అవసరమైనవాళ్ళకి ఇవ్వండీ అంటూ చేతులు జోడించింది. తోషియే ఇంతకుముందైతే వంగి దణ్ణం పెట్టి ముందుకి పోయేది. "అందరూ అదే అంటున్నారు. ఈ లెక్కన మేజోళ్ళు నాకే మిగులుతాయి. కాలు చాపండి," అని తనే మోకాళ్ళ మీద కూచుని తొడిగింది. తన మోకాళ్ళు కెవ్వుమన్నాయి.

నోరో మరీ రాయి కాదు. జరిగింది విని, "తీసుకున్నవాళ్ళందరి ముద్రలతో రసీదు పట్టీ తెస్తే డబ్బు ఇప్పించే ప్రయత్నం చేస్తానండీ," అన్నాడు. తోషియే పట్టీ పట్టుకుని మళ్ళీ మూడు వందల కార్ల చుట్టూ తిరిగింది. యాభై రెండు ముద్రలు పడ్డాయి. మిగతా ఇరవై ఎనిమిది మంది ముద్రలు కూలిన ఇళ్ళ కింద, బీరువా సొరుగుల్లో ఉన్నాయి. వాళ్ళు బొటనవేళ్ళు వేశారు.

"వేలిముద్ర ముద్ర కాదండీ," అన్నాడు నోరో, నిజంగానే బాధపడుతూ. "నిబంధన."

"వాళ్ళ ముద్రలు వాళ్ళ ఇళ్ళ కింద ఉన్నాయి. వాళ్ళ ఇళ్ళు కొండ కింద ఉన్నాయి. మీరొచ్చి తవ్వుతారా?"

"మంచు కరిగాక చూద్దామండీ."

ఆ వసంతంలో ఉచియామాకి బదిలీ అయింది. పోయే ముందు కొత్త డాక్టరు కోసం బల్ల అద్దం కింద ఒక చీటీ పెట్టి పోయాడు: మూలన చుక్క ఉంటే అది మరక కాదు, కజమాగారిని పిలవండి. తోషియే అది చదివి చీటీ అక్కడే ఉంచింది. చుక్కలు మాత్రం మానేసింది. ఎవరైనా పిలిచేదాకా ఆగడం కన్నా తనే వెళ్ళి చెప్పి రావడం మోకాళ్ళకి కష్టమే గానీ పని త్వరగా అవుతుంది. కొందరు డాక్టర్లు వింటారు, కొందరు కసురుతారు. కసిరినవాళ్ళకి రెండోసారి చెబుతుంది.

ఈ జూన్‌లో కియో ఈసీజీ తీయించుకోవడానికి వచ్చింది. గుంటలు పోయాయి, దిబ్బలు తిరిగి లేచాయి. "ఏం రాసుందే?" అంటే తోషియే, "ఇంకా పదేళ్ళు నా ప్రాణం తీస్తావని రాసుంది," అంది.

మంచు కరిగి చాలాకాలమైంది. ముద్రలున్న యాభై రెండు జతల డబ్బు, లక్షా ఇరవై నాలుగు వేల ఎనిమిది వందల యెన్లు, డిసెంబరులోనే వచ్చింది. వేలిముద్రల మీద ఇచ్చిన ఇరవై ఎనిమిది జతలకి అరవై ఏడు వేల రెండు వందల యెన్లు పట్టణ కార్యాలయం తోషియేకి ఇంకా బాకీ.